ఇల్లు రాసిన ఉత్తరం

పొట్టిబాబు ఆరడుగుల రెండంగుళాల మనిషి. పుట్టినప్పుడు జానెడే ఉన్నాడని తల్లి ముద్దుగా పెట్టుకున్న పేరది. తరవాత మనిషి పెరిగాడు గాని పేరు పెరగలేదు. భార్య కొండమ్మ అతని మోచేతి దాకా వస్తుంది. ఇద్దరూ వీధిలో నడిచి వెళ్తుంటే కొత్తవాళ్ళు పేర్లు తారుమారయ్యాయనుకునేవారు. వాళ్ళ కాపురం చూసినవాళ్ళు మాత్రం పేర్లు సరిగ్గానే కుదిరాయనేవారు.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో, దేముడు షావుకారి కొట్టులో, పొట్టిబాబు దళారీ. ఆ మార్కెట్టుకి రెండు ధర్మాలున్నాయి. అవి తెలియకపోతే ఈ కథ తెలియదు.

మొదటిది: కొనేవాడు తనకు సరుకు కావాలని పైకి అనకూడదు. రైతు బండి దించి బెల్లం దిమ్మలు పేరుస్తాడు. కొనేవాడు వచ్చి, దిమ్మ గిల్లి నాలిక మీద వేసుకుని, వేపాకు నమిలినట్టు మొహం పెడతాడు. తరవాత తువ్వాలు పరిచి, దాని కింద ఇద్దరూ చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. పైన మాటుండదు. ఖర్మ కాలి ఎవడైనా "నాకు కావాలి" అని నోరు జారాడా, ఇక రైతు చెప్పిందే ధర. పైగా ఒక దిమ్మ నెత్తిన పెట్టుకుని మెయిన్ రోడ్డు మీదుగా ఇంటిదాకా తనే మోసుకెళ్ళాలి.

రెండోది: దళారీ ఎప్పుడూ తనకోసం కొనడు. "నాకా? నాకెందుకు? ఏ రాజమండ్రి షావుకారో సూడమన్నాడు" అంటాడు.

పదిహేనేళ్ళలో పొట్టిబాబు ఒక్కసారి కూడా నోరు జారలేదు. చిక్కల్లా ఏమిటంటే, సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు తువ్వాలు దులుపుకునేవాడు గాని ఆ అలవాటు దులుపుకునేవాడు కాదు.

"వంకాయ కూర వండమంటావా బావా?" అని కొండమ్మ అడిగేది.

"ఉంటే వండు."

"నీకు కావాలా, వద్దా?"

"నాకేటి? ఉన్నదేదో తింటాను."

తినేటప్పుడు చూస్తే గిన్నె అడుగు కనబడేది. అడుగు కనబడ్డాక కూడా అన్నంతో తుడిచేవాడు.

"నన్ను పెళ్ళాడింది కూడా రాజమండ్రి షావుకారి కోసమేనా బావా?" అని ఒకరోజు అడిగింది. పొట్టిబాబు మంచినీళ్ళు తాగుతున్నాడు కాబట్టి బతికిపోయాడు.

రెండో ప్రపంచ యుద్ధం నాలుగో ఏడు. చెరుకు గానుగలు ఆడే రోజులు. కొండమ్మ చెల్లెలు బంగారుతల్లికి పురుడొచ్చింది. సాయానికి పుట్టింటికి వెళ్ళాలి. పుట్టిల్లు ఎక్కడో కాదు, తుమ్మపాల. రెండున్నర మైళ్ళు. బండి ఎక్కుతూ కొండమ్మ ఆగింది.

"ఎప్పుడు రమ్మంటావు?"

"నీకు వీలైనప్పుడు రా."

"నా వీలు సరే. నీకు నేనెప్పుడు కావాలి?"

పొట్టిబాబుకి గొంతు దాకా వచ్చింది. అక్కడ పదిహేనేళ్ళ మార్కెట్టు అడ్డంగా కూర్చుని ఉంది. "నాకేటి, అక్కర్లేదు" అనేశాడు.

కొండమ్మ బండిలో సర్దుకుని కూర్చుని, మొగుడితో కాకుండా ఎద్దులతో మాట్లాడింది. "పదండి నాయినా. అక్కర్లేని సరుకు కొట్టులో ఉంచకూడదు."

పది రోజులన్న మనిషి నలభై రోజులైనా రాలేదు.

మొదటి వారం పొట్టిబాబు బాగానే ఉన్నాడు. అంటే, బాగానే ఉన్నానని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకుంటూ తిరిగాడు. రెండో వారం నుంచి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ "ఏమే" అని పిలిచి, జవాబు రాకపోయేసరికి పక్కింటివాళ్ళు వినకుండా దగ్గేవాడు. ఆ నెలలో అతని దగ్గు విని పక్కింటావిడ మిరియాల కషాయం రెండుసార్లు పంపింది.

మూడో వారానికి ఆవకాయ జాడీ దగ్గర పడ్డాడు. కొండమ్మ జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టి వేసే ముడి ఉందే, అది ఆవిడ వేస్తే ఆవిడే విప్పాలి. హోటల్లో చప్పిడి కూడు తిని వచ్చి, జాడీ ముందు కూర్చుని, ఆ ముడి ఎటు మొదలై ఎటు పోయిందో వెతికేవాడు. గోళ్ళు అరిగాయి గాని ముడి వదల్లేదు. ఒకసారి కత్తిపీట దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఈ ఇంట్లో ఆవిడ వేళ్ళు ఆఖరిసారి కదిలింది ఆ ముడి మీదే. దాన్ని కోసేస్తే ఇంకేం మిగిలింది?

అన్నిటికన్నా ఘోరం చక్కెర ఫ్యాక్టరీ కూత. తుమ్మపాలలో కూస్తే అనకాపల్లిలో వినబడుతుంది. రోజుకు మూడుసార్లు అది కూయగానే పొట్టిబాబు చేస్తున్న పని ఆపి అటు చూసేవాడు. ఆ కూత ఈ క్షణంలోనే కొండమ్మ కూడా వింటుంది కదా అనుకునేవాడు. చూసి చూసి అతని మెడ కొంచెం అటే తిరిగిపోయింది. తుమ్మపాల వైపు నాలుగుసార్లు బయల్దేరాడు. నాలుగుసార్లూ ఊరి చివర మైలురాయి మీద కూర్చుని, చుట్ట కాల్చి, వెనక్కి వచ్చాడు. పిలవకుండా అత్తారింటికి వెళ్తే ఇంకేముంది, నడిబజార్లో "కావాలి" అని అరిచినట్టే.

ఉత్తరం రాద్దామా అంటే ఇంకో ఇబ్బంది. మామ ఎర్రయ్యకి చదువు రాదు. ఎవరి పేర ఉత్తరం వచ్చినా ఆయనే పుచ్చుకుని, బడిపంతుల్ని పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టి, వీధివీధంతా వినేలా చదివిస్తాడు. కిందటేడు పొట్టిబాబు "కొంచెం జలుబు" అని ఒక ముక్క రాస్తే పదకొండు మంది శొంఠి పట్టుకుని దిగారు. ఇక తెలుగులో "నువ్వు కావాలి" అని రాస్తే తుమ్మపాల తుమ్మపాలంతా దిగదూ?

అప్పుడు తట్టింది ఉపాయం. ఇంగ్లీషు. కొండమ్మ నాలుగో క్లాసు దాకా చదివింది. కిరసనాయిలు డబ్బాల మీదా సబ్బు కాగితాల మీదా ఉన్న అక్షరాలు కూడబలుక్కోగలదు. నాలుగు ముక్కల్లో రాస్తే ఆవిడొక్కర్తికే అందుతుంది. పంతులికి ఇంగ్లీషు రాదు కాబట్టి మిగతా వీధి దండం పెట్టి ఊరుకుంటుంది. పైగా ఇంగ్లీషులో అన్నమాట మార్కెట్టు ధర్మం కింద చెల్లదని తనకు తనే తీర్పు కూడా చెప్పుకున్నాడు.

పుస్తకాలకి అట్టలు కట్టే సుభాని సాయిబు దగ్గరికి వెళ్ళాడు. ఎప్పుడో ఒక దొర లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు అట్ట వెయ్యమని ఇచ్చి, బదిలీ అయి, మళ్ళీ రాలేదు. దొర వస్తాడేమోనని పన్నెండేళ్ళుగా ఎదురుచూస్తూ సాయిబు దాన్ని మొత్తం చదివేశాడు.

"కావాలి అనడానికి ఇంగ్లీషులో ఏటంటారు తాతా?"

"ఎవరికి కావాలి?"

"ఎవరికో. రాజమండ్రి షావుకారికి."

సాయిబు గెడ్డం కింద నవ్వుకుని నిఘంటువు తెరిచాడు. వాంట్ అన్న మాట దగ్గర వేలు పెట్టి, చాలాసేపు చదివి, ఇది చిన్నమాట కాదని, దీనికి అరపేజీ ఉందని చెప్పాడు. కోరుకోవడం అన్న అర్థం వెనకెక్కడో ఉంది. మొట్టమొదటి అర్థం కొరతపడటం, లేకపోవడం. ఆ తరవాత అవసరపడటం. ఎప్పుడో వెయ్యేళ్ళ నాడు ఉత్తరాది మంచుదేశాల ఓడలవాళ్ళు ఇంగ్లండు మీద పడి, దోచుకోవలసినవన్నీ దోచుకుని, తమ భాషలోంచి ఈ మాట అక్కడ వదిలి పోయారట. వాళ్ళ భాషలో దానికి "తక్కువైంది" అనే అర్థం తప్ప మరోటి లేదట.

పొట్టిబాబుకి అది వెంటనే అర్థమైంది. దిమ్మ ఎండితే తూకం పడిపోతుంది. మార్కెట్లో దాన్ని తరుగు అంటారు. "అంటే తరుగన్నమాట" అన్నాడు.

"తరుగే. ముందు తరుగు, తరవాతే కోరిక. లేదు అన్న మాటని కావాలి అనడానికి ఇంగ్లీషోళ్ళకి ఆరేడొందలేళ్ళు పట్టింది పొట్టిబాబూ. నీకు నలభై రోజుల్లోనే తెలిసిపోయింది. నువ్వే నయం."

రోజులు ఈయనకెలా తెలిశాయా అనుకుంటుండగానే సాయిబు ముందే కడిగి పెట్టుకున్న రెండు గ్లాసుల్లో టీ పోశాడు. తాను వస్తానని ఆయనకు తెలియదు కదా, రెండో గ్లాసు ఎవరికని పొట్టిబాబు అడిగాడు. భార్య హాజిరాబీ పోయి మూడేళ్ళయినా చెయ్యి రెండు గ్లాసులే తీస్తుందని సాయిబు చెప్పాడు.

"మొదటి అర్థం నాకు బాగా తెలుసు. వెనకున్న అర్థమే ఆవిడున్నప్పుడు నోటితో సెప్పలేదు. తాగు, సల్లారిపోద్ది."

పొట్టిబాబు గ్లాసు అడుగు దాకా తాగాడు.

సాయిబు కలం తీసి, "నేను నిన్ను కోరుతున్నాను" అని రాద్దామన్నాడు. ఇంగ్లీషులో "నేను" అనే అక్షరం పొట్టిబాబు లాగే పొడుగ్గా, ఒంటరిగా, దాక్కోడానికి చోటు లేకుండా నిలబడి ఉంది. దాన్ని చూడగానే పొట్టిబాబుకి చెమట పట్టింది.

"నేను వద్దు తాతా. ఇల్లు అని పెట్టు."

"ఇల్లు కోరుద్దా?"

"తరుగు ఇంటికే కదా."

సాయిబు అతని మొహంలోకి ఒకసారి చూసి, అలాగే రాశాడు. ది హౌస్ వాంట్స్ యూ. కింద సంతకం లేదు. పైన చిరునామా కూడా ఇంగ్లీషులోనే. రెండున్నర మైళ్ళ దూరానికి పొట్టిబాబు తపాలా బిళ్ళ అంటించి, డబ్బాలో వేసి, రాజమండ్రి షావుకారి బేరం కుదిర్చినంత తృప్తిగా ఇంటికి వెళ్ళాడు.

పొట్టిబాబు అన్నీ చూసుకున్నాడు గాని ఒకటి మరిచిపోయాడు. యుద్ధం రోజుల్లో ఇంగ్లీషు కాగితం అంటే సర్కారు కాగితం. రైతు గాదెలోంచి సర్కారు వాటా పట్టుకుపోయే ధాన్యం లెవీకో, బళ్ళు పట్టుకోడానికో తప్ప రైతు ఇంటికి ఇంగ్లీషు రాదు. అలాంటి కాగితం విషయంలో ఎర్రయ్యకి ఒక నియమం ఉంది: ముందు సరుకు దాచు, తరవాత కాగితం చదివించు.

మర్నాడు మధ్యాహ్నం కొట్టుకి కబురొచ్చింది. పొట్టిబాబు పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చేసరికి వాకిట్లో మూడు బళ్ళున్నాయి. నట్టింట్లో వడ్ల బస్తాలు, వంటింట్లో బెల్లం దిమ్మలు, పెరట్లో గేదె, గేదె మీద కోళ్ళు. అత్త మోదమ్మ ఇత్తడి బిందెల మధ్య కూర్చుని విసురుకుంటోంది. పొట్టిబాబు గుండె గంతులేసింది. కళ్ళు ప్రతి బస్తా వెనకా వెతికాయి.

"అందరూ వచ్చేరా మావా?" అన్నాడు, ఏదో మాటవరసకన్నట్టు.

"అందరూ వచ్చేరు."

"అందరూ అంటే?"

"గేదె కూడా వచ్చింది అల్లుడా," అన్నాడు ఎర్రయ్య.

మోదమ్మ విసనకర్ర ఆపింది. "నీ పెళ్ళాన్ని రమ్మన్నాం బాబూ. బావ నోటితో పిలిత్తే వత్తాను, లేపోతే లేదంది. నువ్వు అక్కర్లేదన్నావట కదా."

ఇల్లు కిక్కిరిసిపోయింది. కావలసిందొక్కటి తప్ప అన్నీ వచ్చాయి.

ఎర్రయ్య మొలలోంచి చెమటకి తడిసిన కాగితం తీశాడు. "అల్లుడా, నువ్వు కొట్టులో సీమ కాయితాలు సూసినోడివి. ఏటి రాసేరో సదువు."

తన ఉత్తరం తన చేతికే వచ్చింది. పొట్టిబాబు దాన్ని తిరగేశాడు, వెలుగుకి పట్టాడు, వాసన కూడా చూశాడు. అబద్ధం చెబుదామంటే ఒక్కటీ తట్టలేదు. నిజం చెబుదామంటే అత్తగారు చూస్తోంది. చివరికి సగం చెప్పాడు. "సర్కారు వోరు కాదు మావా. ఏదో... కొరతుందని రాసేరు."

"కొరతా?" ఎర్రయ్య గుండె పట్టుకున్నాడు. "కొరతుంటే ఊరుకుంటారా? గాదెలు ఊడ్చుకుపోతారు. ఒలే మోదా, మిగిలిన రెండు బళ్ళూ కూడా తోలించీ."

సాయంత్రానికి మిగిలినవీ దిగాయి. మంచం మీద బస్తాలు, మంచం కింద బస్తాలు. ఆవకాయ జాడీని ఎవరో అటక మీదకి ఎక్కించారు. కూర్చోడానికి చోటు లేక, మొదటి బండిలో వచ్చిన గోనెపట్టా చుట్టిన సామానేదో మూలనుంటే, పొట్టిబాబు దాని మీదే కూలబడ్డాడు. ఫ్యాక్టరీ కూత వినబడింది. అటు చూద్దామంటే బస్తాలడ్డం. ఆ ఉత్తరంలో ఉన్నదంతా నిజమేనని అప్పుడనిపించింది. ఇంటికి ఇంత సరుకొచ్చినా తరుగు తరుగులాగే ఉంది.

తెల్లారి మార్కెట్లో బేరాలు మంచి జోరుమీదున్నాయి. ఎర్రయ్య కూడా అల్లుడి వెంటే వచ్చి, లెవీ వాళ్ళెవరైనా వస్తున్నారేమోనని దిక్కులు చూస్తున్నాడు. అంతలో దేముడు షావుకారి కొట్టు ముందు ఒక బండి ఆగింది. బండినిండా రాత్రి గానుగ దగ్గర వండిన కొత్త బెల్లం దిమ్మలు. దిమ్మల మీద కొండమ్మ.

పొట్టిబాబు ఊపిరి తీసుకోవడం మరిచిపోయాడు. నలభై రోజుల్లో చిక్కింది. లేక తన కళ్ళే పెద్దవయ్యాయో. ఆవిడ మాత్రం అతనికేసి చూడకుండా దిగి, దిమ్మలు దింపించి, పేర్పించి, రైతులా పక్కన నిలబడింది. ఆడమనిషి బేరానికి నిలబడటం ఆ మార్కెట్టు అంతవరకూ చూడలేదు. పక్క కొట్ల వాళ్ళు తమ బేరాలు ఆపేసి దగ్గరికొచ్చారు.

పొట్టిబాబు దిమ్మ గిల్లి నోట్లో వేసుకున్నాడు. వేపాకు మొహం పెట్టబోయాడు గాని ఆ మొహం రాలేదు. తువ్వాలు పరిచాడు. కొండమ్మ చెయ్యి తువ్వాలు కిందకి వచ్చింది. ధర కోసం ఒక వేలు పట్టుకోవలసినవాడు మొత్తం చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు.

"ఇదేటి ధర బావా?" అంది కొండమ్మ. "అయిదు ఏళ్ళూ పట్టుకున్నావు."

పొట్టిబాబు పట్టు ఇంకాస్త బిగించాడు.

"నిన్న నాకో ఉత్తరం వచ్చింది. ఇల్లు రాసింది. ఇంటికి నేను కావాలట." అందరూ వింటున్నారు. "నేను బెల్లం రైతు కూతుర్ని. దళారీతో బేరమాడను. ఇంటికి కావాలా, ఇంటోడికి కావాలా? అసలు షావుకారెవడో ముందుకొచ్చి సెప్పమను."

"ఏళ్ళతో సెప్పేను కదే," అన్నాడు పొట్టిబాబు చాలా చిన్న గొంతుతో.

"ఏళ్ళు సెల్లవు. నోటితో సెప్పు. లేపోతే దిమ్మలెత్తించుకుని పోతాను."

తువ్వాలు కింద ఆవిడ చెయ్యి వెనక్కి జారడం మొదలెట్టింది. చిటికెన వేలు ఒక్కటే మిగిలింది. పొట్టిబాబుకి సాయిబు రెండో గ్లాసు గుర్తొచ్చింది.

"నాకు కావాలి," అన్నాడు.

దేముడు షావుకారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పదిహేనేళ్ళ దళారీ నడి మార్కెట్లో, పట్టపగలు, సాక్ష్యాలతో సహా నోరు జారాడు.

ఎర్రయ్యకి నెమ్మదిగా వెలిగింది. "అయితే ఆ కాయితం నువ్వే రాసేవా అల్లుడా? లెవీ లేదా? మరి నా బస్తాలు తిరిగి ఎవడు మోత్తాడు?"

"నోరు జారినోడే," అంది కూతురు.

ధర్మం ధర్మమే. పొట్టిబాబు నెత్తిన చుట్టకుదురు పెట్టి, దిమ్మ ఎక్కించారు. ఆరడుగుల రెండంగుళాల మనిషి, పైన బెల్లం దిమ్మతో ఇంకో అడుగు పెరిగి, మెయిన్ రోడ్డు మీద ఎవరికీ కనబడకుండా వెళ్ళే దారి లేక నడిచాడు. ముందు కొండమ్మ చేతులూపుకుంటూ నడుస్తోంది. సుభాని సాయిబు కొట్టు ముందు ఆవిడ ఆగి సలాం చేసింది. సాయిబు కూడా పాత పరిచయంలా సలాం చేశాడు.

"ఆయన్ని నువ్వెరుగుదువా?" అన్నాడు దిమ్మ కింద నుంచి పొట్టిబాబు.

"అట్టలు వెయ్యడానికి వారం వారం మా ఊరొత్తాడు కదా. నిన్న ఉత్తరం అందిన పూట అక్కడే ఉన్నాడు. అయ్య మొలలో దోపుకోకముందే సదివించుకున్నాను. మొదటి అర్థం కొరతట. అది నమ్మేను బావా. వెనకున్న అర్థం నీ నోటితో వినాలనిపించింది, అంతే."

"మరి మావ బస్తాలు ఎత్తుకొత్తంటే ఊరుకున్నావేటి?"

"ఏటీ అక్కర్లేదన్నావు కదా. అన్నీ ఉంటే ఎలాగుంటాదో సూత్తావని."

ఇంటికొచ్చి దిమ్మ దించాక పొట్టిబాబుకి ఒక్క సంతృప్తి మిగిలింది. పోతే పరువు పోయింది, తను అడిగాడు కాబట్టే ఆవిడ వచ్చింది. అది కూడా ఎంతోసేపు నిలవలేదు. కొండమ్మ నేరుగా మూలకి వెళ్ళి, అతను రాత్రంతా కూర్చున్న సామాను మీది గోనెపట్టా లాగింది. లోపల ఆవిడ ట్రంకు పెట్టె. తాళం తీసి, చీరలు తీసి, దండెం మీద వెయ్యడం మొదలెట్టింది.

పొట్టిబాబు కాసేపు పెట్టెకేసీ, కాసేపు పెళ్ళాంకేసీ చూశాడు. "ఇది నిన్న మొదటి బండిలో వచ్చింది కదే."

"అవును. అందరికన్నా ముందు ఎక్కించింది అదే."

"అంటే నేను నోరిప్పకపోయినా..."

"ఈ పూట కాపోతే ఆ పూట వద్దును. ఎంతకాలమని పుట్టింట్లో ఉంటాను బావా? నలభై రోజులు నాకు మాత్రం తక్కువా?" ఆ ఆఖరి మాట చీర మడతల్లోకి అంది. తరవాత గొంతు సవరించుకుంది. "బేరం బాగా ఆడతావని మార్కెట్టంతా అంటారు. ఏటో మరి."

పెరట్లో ఎర్రయ్య కోళ్ళు లెక్కపెట్టుకుంటూ, బస్తాలు మొయ్యడానికి అల్లుణ్ణి పిలుస్తున్నాడు. కొండమ్మ అటక మీంచి జాడీ దింపించి, ముందు కూర్చుని, వాసెన గుడ్డ అంచు ఎక్కడో రెండు వేళ్ళతో అలా లాగింది. పద్దెనిమిదిసార్లు పొట్టిబాబు గోళ్ళు అరగదీసిన ముడి, మాట వినే పిల్లలా విడిపోయింది.

కంచంలో వేడి అన్నం పెట్టి, ఆవకాయ గరిటె పైకెత్తి పట్టుకుంది. "కావాలా?"

"ఉంటే వెయ్యి," అన్నాడు పొట్టిబాబు అలవాటు చొప్పున.

గరిటె అక్కడే ఆగిపోయింది. తుమ్మపాల ఫ్యాక్టరీ మధ్యాహ్నం కూత కూసింది. పొట్టిబాబు అటు చూడలేదు. గరిటెకేసీ, గరిటె పట్టుకున్న చేతికేసీ చూస్తూ, పెరట్లో మామకీ పక్కింటివాళ్ళకీ వినబడేలా చెప్పాడు.

"కావాలి."